మంటిలో మన్నిన కుండలు: వాటి క్షయము, సంరక్షణ

సికింద్రాబాదునకు ఉత్తరమున, 1860లో నిర్మింపబడి నేడు రాష్ట్రపతి నిలయమని పేరొందిన భవనము గల బొల్లారము మొదలుకొని, ఆల్వాలు, తిరుమలగిరి, బోయినపల్లి దిక్కులకును, అటు మౌలాలి కొండ వరకును వ్యాపించిన నేల, గుండ్రాళ్ల గుట్టలతోను, వాటి అరుగుదలవలన ఏర్పడిన ఎర్రచెలకలతోను, చెలకల క్రింద గట్టిగా పేరుకొన్న మొరముతోను కూడియున్నది. దండు బారకులును, వాటి వెనుక కాలనీలును ఈ నేలను ఆక్రమించుటకు రెండువేల యేండ్లకు పైబడిన పూర్వమే, ఇనుమును కరగించుట నేర్చిన జనులు తమ మృతులను ఈ ప్రాంతమున రాతిపలకల పెట్టెలలో ఉంచి, ప్రక్కన కుండలను, మూకుళ్లను, ఇనుప పనిముట్లను అమర్చి, పైన రాళ్లు కుప్పవోసి, చుట్టును గుండ్లను వలయముగా పేర్చిరి. పల్లెప్రజలు రాక్షసగుళ్లని పిలుచు ఈ బృహచ్ఛిలా సమాధులు బోయినపల్లి చేరువనున్న హష్మత్‌పేటలో, నలువైపుల ఇండ్లు కమ్ముకొనివచ్చినను, కొన్ని మిగిలియున్నవి. మౌలాలిలో నిజాము పాలనాకాలముననే తవ్వకములు జరిగినవి.

ఆ సమాధులలో దొరికిన కుండలను గూర్చి మనవారు వ్రాసినది స్వల్పము కాదు. 1914లో గులాం యాజ్దానీ ఆధ్వర్యవమున హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖయు, 1916లో హైదరాబాదు పురావస్తు సంఘమును వెలసిన పిదప, భువనగిరి దాపుననున్న రాయగిరి సమాధులు పండితుల దృష్టి నాకర్షించెను. కుండల భుజములపై గీయబడిన గుర్తులను గూర్చి యాజ్దానీ 1917లో ఆ సంఘ పత్రికయందు ప్రస్తావించెను, మేజర్ హంట్ 1924లో హైదరాబాదు సమాధులపై లండను మానవశాస్త్ర పత్రికలో విపులమైన వ్యాసము ప్రకటించెను, 1960లో బి.బి. లాల్ ఇట్టి గుర్తులనే సింధునాగరికతా చిహ్నములతో పోల్చి చూచెను. ఇంతటి చర్చకు ఆధారమేమి? కాలిన మంటిపై ఎవరో గోటిమందమున గీచిన కొన్ని గీతలు. ఆ గీతలు నిలిచిననే ఆ చర్చ నిలుచును. అయినను, ఆ మట్టి ఎట్లు చెడును, దేనివలన పొరలు రాలును, దానిని ఎట్లు కాపాడవలయును అను ప్రశ్నలు మన గ్రంథములలో అనుబంధములకే పరిమితమైనవి. ఆకృతిని, వర్ణమును, కాలమును నిర్ణయించువారు పలువురు. ఆ వస్తువు యొక్క ఆరోగ్యమును విచారించువారు కొందరే.

ఈ విషయమున లభ్యమైన జ్ఞానమంతటిని పరికించి చూచినచో నాకు తోచునది ఇది: భూగర్భమున గడచిన సహస్రాబ్దముల కంటె, వెలుగులోనికి వచ్చిన తరువాతి దశాబ్దములే మృణ్మయపాత్రకు ఎక్కువ ప్రమాదకరములు. మంటిలో మన్నిన కుండ మన చేతులలోను, మన గదులలోను నశించుచున్నది. కారణములు వివరింపవలెనన్న ముందుగా కుమ్మరి ఆవము వద్దకే పోవలయును.

బంకమన్ను కణములలో నీరు రసాయనికముగా బంధింపబడియుండును. ఆవములో వేడి సుమారు 450 మొదలు 600 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ ఆ నీరు విడిపోవును. అప్పుడే మట్టి మరల కరగి బురద కాజాలని పదార్థమగును. మన ప్రాచీన కుమ్మరులు ఎండుపుల్లలు, పిడకలు, ఊక పేర్చి కాల్చిన బహిరంగపు ఆవములలో వేడి సామాన్యముగా 600, 850 డిగ్రీల నడుమ ఊగిసలాడుచుండెను. అదియును ఆవమంతట సమముగా ఉండెడిది కాదు. అందుచేత ఒకే సమాధిలో దొరికిన రెండు కుండలలో ఒకటి గోటితో కొట్టిన ఖంగుమనును, మరియొకటి తడివ్రేలితో తాకినంతనే పొడి విడుచును. తక్కువ వేడిలో కాలిన కుండలో సూక్ష్మరంధ్రములు బహుళముగా ఉండుటచే నీరు సులభముగా చొచ్చును. నీటివెంట లవణములును చొచ్చును. మట్టిలో సున్నపు కణికలున్నచో కథ వేరొక విధముగా నడచును. 700 డిగ్రీలు దాటిన పిదప ఆ కణిక కాలి పొడిసున్నమగును. ఆవము చల్లారిన తరువాత గాలిలోని తేమను పీల్చి ఉబ్బుచు, పూర్వపు పరిమాణమునకు సుమారు రెట్టింపగును. దానిపైనున్న పలుచని మట్టిపొర గుండ్రని పెచ్చుగా ఊడిపోవును. పెచ్చు ఊడిన గుంట నడుమ తెల్లని చుక్క కనబడినచో దోషము భూమిది కాదు, మంటి పాకమునది అని గ్రహింపవలయును.

రాయగిరి మొదలగుచోట్ల దొరికిన నలుపు-ఎరుపు పాత్ర యొక్క అంచుపెంకు నొకదానిని వెలుతురునకు ఎత్తి పట్టి చూడుడు. లోపలి ముఖము నిగనిగలాడు నలుపు. వెలుపల మూతికడ నలుపుపట్టె, దాని దిగువ ఎరుపు. విరిగిన అంచున ఈ రెండు రంగులు ఒకదానిలో నొకటి ఎచ్చట కలిసినవో స్పష్టముగా కనబడును. కుండను బోర్లించి కాల్చుటచే లోపలికి గాలి సోకక నలుపును, వెలుపల గాలి తగిలి ఎరుపును కలిగెనని కొందరును, రెండుమార్లు కాల్చుటచే కలిగెనని మరికొందరును చెప్పుదురు. ఎట్లయినను ఆ మెరుపు గాజుపూత కాదు. పచ్చిదనము ఆరక మునుపే గులకరాతితో రుద్దగా మంటిపొరలు ఒకవైపునకు ఒరిగి కలిగిన నునుపు. దాని మందము అత్యల్పము. గట్టి కుంచె నాలుగుమార్లు ఆడించిన చాలును, ఆ నునుపుతోపాటు దానిపై గీచిన గీతయు సగము తుడుచుకొనిపోవును. కుండ కాలిన పిమ్మట వేసిన రంగుల గతి ఇంతకంటెను శోచనీయము. అవి నీటికే నిలువవు.

కాలిన మట్టి కాలిననాటి స్థితిలోనే నిశ్చలముగా ఉండునని భావించుటయు పొరపాటే. ఆవములో కోల్పోయిన నీటిని అది గాలినుండి శతాబ్దముల పర్యంతము కొంచెము కొంచెముగా తిరిగి గ్రహించుచు, అత్యల్పముగా ఉబ్బుచుండును. ఈ గ్రహణము కాలముయొక్క చతుర్థమూలము ననుసరించి నడచునని, దానిని తూచి కుండ వయస్సును నిర్ణయింపవచ్చునని మాంచెస్టరు శాస్త్రజ్ఞులు 2009లో ప్రతిపాదించిరి. కాలనిర్ణయమునకు ఆ పద్ధతి ఎంతవరకు నమ్మదగినదను వివాదము అట్లుండనిండు. కుండ సజీవమువలె తేమతో నిత్యవ్యవహారము నెరపుచుండునన్న సత్యమును మాత్రము అది నిస్సంశయముగా స్థాపించినది.

ఇక భూమి. బొల్లారపు ఎర్రచెలకలో నీరు నిలువదు. లవణములు వానలతో దిగువకు కొట్టుకొనిపోవును. ఇది కుండకు మేలు. కాని ఆ నేల స్వల్పముగా ఆమ్లగుణము కలదగుటచే సమాధిలోని ఎముకలు కరగి, ఆ భాస్వరము చెంతనున్న కుండపై చేరి గట్టి చారలు కట్టును. ప్రక్కనుంచిన ఇనుప కత్తి చిలుమెక్కి ఆ తుప్పుమరకలు కుండ గోడలోనికి ఇంకిపోవును. రాతిపలక క్రుంగినచో దాని బరువునకు కుండలు నలిగి చదునగును. నల్లరేగడి నేలలలో భయము వేరు: వానకాలమున ఉబ్బి, ఎండకాలమున బెత్తెడు నెర్రెలు విచ్చు ఆ నేల, తనలోని కుండను ప్రతి సంవత్సరము ఒకమారు పిండి ఒకమారు వదలును, అందలి సుద్దకణికలు కుండ చుట్టును తెల్లని గట్టిపెంకు కట్టించును. కొండాపురము, పెద్దబంకూరు వంటి ప్రాచీన జనావాసములలో వంటబూడిద, పశువుల మూత్రము, చెత్త తరతరములుగా ఇంకుటచే నైట్రేటులు పేరుకొనును. శ్రీకాకుళపు సాలిహుండము వంటి సముద్రసమీప క్షేత్రములందు క్లోరైడుల బెడద అధికము. కావున కుండ చెడుటకు కారణమేమని ఎవరైన అడిగినచో, అది ఎచ్చటి కుండయో చెప్పనిదే సమాధానము చెప్పరాదు.

ఇన్ని బాధలున్నను, కొన్ని శతాబ్దములు గడచునప్పటికి కుండకును మంటికిని నడుమ ఒక సమస్థితి ఏర్పడును. తేమ ఇంచుమించు స్థిరము, వెలుతురు శూన్యము, ఉష్ణోగ్రతలో మార్పు స్వల్పము. పోవలసిన భాగము పోయినది, మిగిలినది నిలుచును. తవ్వకపు పార ఈ సమస్థితిని ఒక్క పూటలో భంగపరచును. మన తవ్వకములు సాధారణముగా జనవరి మొదలు మే వరకు, అనగా గాలి మిక్కిలి పొడిగానుండు మాసములలో జరుగును. చెమ్మతో మెత్తబడియున్న కుండ ఏప్రిలు ఎండలో గంటసేపున్నచో వెలుపలిపొర ముడుచుకొని, లోపలిపొర ముడువక, సన్నని పగుళ్లు విచ్చును. లోపలి నీరు బయటికి వచ్చుచు తనలో కరగియున్న ఉప్పును వెంటగొనివచ్చి, అంచుకడ వదలి ఆవిరియగును. ఆ ఉప్పు స్ఫటికములై పెరుగునప్పుడు కలుగు ఒత్తిడికి బలహీనమైన మంటిగోడ తాళజాలదు.

ఇచ్చటనే మన సమస్యకు గుండెకాయ వంటి విషయమున్నది. వానకాలమున ఇంటిగోడ అడుగున తెల్లగా ఉప్పు పూసి, సున్నము పెచ్చులూడుట ఎరుగనివారు లేరు; కుండలోను జరుగునది అదియే. సాధారణ లవణము, గాలిలో తేమ నూటికి 75 పాళ్లు మించినప్పుడు గాలినుండి నీరు పీల్చి తనంతట కరగును. అంతకు తగ్గినప్పుడు మరల గడ్డకట్టును. కాల్షియం నైట్రేటునకు ఈ హద్దు 50 ప్రాంతముననే ఉండును. పలు లవణములు కలిసియున్నచో హద్దులు ఇంకను దిగజారును. హైదరాబాదు గాలి ఆగస్టు ఉదయములందు 80 దాటును; ఏప్రిలు మధ్యాహ్నములందు 30 పరిసరములకు దిగును. అనగా కిటికీలు తెరచియుంచిన మన సాధారణపు నిల్వగదిలో, ఉప్పుతో నిండిన కుండపెంకు ఏటేట కరగుటయు గడ్డకట్టుటయు అను ఈ హద్దును తప్పక దాటును. జూన్, అక్టోబరు మాసములలో వాన కురిసి వెలిసినప్పుడెల్ల, ఒక్క వారములోనే పలుమార్లు దాటును. చలిదేశములలో వ్రాసిన గ్రంథములు మంచుగడ్డ కట్టుటవలన కుండలు పగులుటను విస్తారముగా వర్ణించును. ఆ భయము మనకు లేదు. మనకు ఋతువులే ఆ పని చేయుచున్నవి. 1940 ప్రాంతమున తవ్వి గోనెసంచులలో కట్టిన పెంకు నేటికి ఎనుబదికిపైగా వానకాలములు చూచినది. సంచి విప్పిన, అడుగున ఎర్రని పొడి కనబడును. ఆ పొడి ఒకప్పటి కుండ ఉపరితలము. గీతలు ఉండినచో అవియు ఆ పొడిలోనే ఉన్నవి.

మానవ హస్తము చేసిన అపకారమును కూడ దాచరాదు. సుద్దపెంకును తొలగించుటకు హైడ్రోక్లోరిక్ ఆమ్లములో ముంచుట చిరకాలము ప్రపంచమంతట ఆచారమై యుండెను. ఆమ్లము పైపెంకును కరగించుటతో ఆగక, కుండ మంటిలోని సున్నపు కణములను కూడ తినివేయును; పైగా తానే క్లోరైడును కుండలో వదలిపోవును. బాధను మాన్పుటకు వచ్చి బాధయొక్క బీజమును నాటుట ఇది. ప్లైవుడ్ బీరువాలు నిరపాయములని తోచును; కాని వాటి జిగురునుండియు, చెక్కనుండియు వెలువడు ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లవాయువులు కుండలోని సున్నముతోను, లవణములతోను కలిసి దూదిపింజలవంటి తెల్లని పూత పూయించును. ఆనకట్టల ముంపునకు ముందు హడావుడిగా జరుపవలసివచ్చిన నాగార్జునకొండ, ఏలేశ్వరము తవ్వకముల వంటివానిలో, 1954 మొదలు కొన్ని సంవత్సరములలోనే రాసులకొలది పెంకులు వెలికివచ్చినవి. నీరు వచ్చిపడుచున్నదన్న తొందరలో తవ్విన వారిని నిందింపరాదు, కాని తవ్వుటకు దొరికిన ధనములో పదవవంతైనను నిల్వకు కేటాయించుట మన రాజ్యములకు అలవాటు కాలేదన్నది నిజము.

ఇక ప్రతిక్రియ. సంరక్షణశాస్త్రము ప్రయోగశాలలో పుట్టుట 1888లో బెర్లినులో ఫ్రెడరిక్ రాట్‌గెన్‌తో ప్రారంభమైనదని చెప్పుదురు. మన దక్షిణదేశమున మద్రాసు ప్రభుత్వ సంగ్రహాలయమందు 1930 ప్రాంతమున రసాయన ప్రయోగశాల నెలకొని, ఎస్. పరమశివన్ కృషిచే, ముఖ్యముగా కంచు విగ్రహముల విషయమున, ఖ్యాతి గాంచెను. 1956లో వెలువడిన ప్లెండర్‌లీత్ గ్రంథము దీర్ఘకాలము ప్రపంచపు సంగ్రహాలయములకు పాఠ్యపుస్తకమైనది. లోహమునకును శిలకును లభించినంత శ్రద్ధ మంటికుండకు లభింపకపోవుటకు కారణము సులభముగా ఊహింపవచ్చును: విగ్రహము ఒక్కటి, పెంకులు లక్షలు.

కుండను వెలికితీయునప్పుడు అనుసరింపవలసిన మొదటి నియమము తొందరపడకుండుట. మెత్తబడిన కుండను మంటితోసహా, చుట్టును గాజుగుడ్డ కట్టి, దిమ్మెగా ఎత్తవలయును. నీడలో, తడిగుడ్డ కప్పి, దినముల తరబడి మెల్లగా ఆరనీయవలయును. వెదురుపుల్లతో మన్ను తీయవచ్చును, ఇనుప మొన తగిలింపరాదు. కడుగుటకు ముందు ఒక మూలను తడివ్రేలితో పరీక్షింపవలయును. రంగు అంటినచో అచ్చటనే ఆగవలయును.

లవణములను తొలగించుటకు స్వేదనజలములో నానవేసి నీరు మార్చుచు పోవుట ప్రసిద్ధమైన మార్గము. మన ఊళ్లలోని బోరునీరు లవణపూరితమగుటచే ఈ పనికి తగదు. దానితో నానవేయుట ఉప్పుతో ఉప్పును కడుగుటయే. నానిన నీటిలో కొంత గాజుగొట్టములోనికి తీసి, నత్రికామ్లపు చుక్క యొకటి కలిపి, పిదప సిల్వర్ నైట్రేటు ద్రావణము రెండు చుక్కలు విడిచినచో, క్లోరైడు ఉన్నయెడల గొట్టములో పాలవంటి తెల్లదనము మబ్బువలె వ్యాపించును. నీటిని మార్చినకొలది ఈ మబ్బు పలుచబడును. తుదకు నీరు నీరుగానే నిలుచును. విద్యుద్వాహకతను కొలుచు చిన్న మీటరు ఇదే సమాచారమును అంకెలలో తెలుపును. ఇంతవరకు అందరికి సమ్మతమే. కాని తక్కువ వేడిలో కాలిన కుండను వారముల తరబడి నానవేసినచో, ఉప్పుతోపాటు దాని బంధకద్రవ్యమును, అందు ఇంకియున్న ఆహారపు జిడ్డును కూడ పోగొట్టుదుమని వాదించు పక్షము ఒకటి బలపడినది. కుండను నానవేయుటకు మారు, గాలిలోని తేమనే స్థిరముగా ఉంచినచో ఉప్పు కదలకుండ పడియుండునుగదా అని వారి ప్రశ్న. పోయిన ఎరుపుపొరను ఎవ్వరును తిరిగి తేజాలరు గనుక, బలహీనమైన సమాధికుండల విషయమున నేను ఈ రెండవ పక్షమునకే మ్రొగ్గుదును. బాగుగా కాలి గట్టిగానున్న పెంకులను మాత్రము నిస్సంకోచముగా నానవేయవచ్చును.

పొడి రాలు కుండకు బలమిచ్చుటకు వాడిన పదార్థముల చరిత్ర మనకు వినయము నేర్పును. లక్క కాలక్రమమున నల్లబడి కరగక మొండికెత్తినది; నైట్రోసెల్యులోజు జిగురు పసుపెక్కి పెళుసైనది; 1950 దశకమున ఆశ్చర్యకర ద్రవ్యమని పొగడి కుండలపై పూసిన కరుగు నైలాను, ఇరువది యేండ్లు తిరుగకమునుపే కరగుట మాని, ముడుచుకొని, దుమ్మును ఆకర్షించి, తాను కాపాడవలసిన పొరనే లాగి ఊడదీసినది. నేడు సర్వత్ర ఆదరణ పొందిన పారాలాయిడ్ బి-72 అను యాక్రిలిక్ పదార్థము ఎసిటోనులో సులభముగా కరగును, పసుపెక్కదు, అవసరమైనప్పుడు మరల తీసివేయవచ్చును. నూటికి రెండు మూడు పాళ్ల ద్రావణము కుంచెతో అద్దినచో పొడి నిలుచును. దీని గుణములను అందరును వర్ణింతురు. కాని ఇది మెత్తబడు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు మాత్రమేయన్న సంగతి మన దేశమున మిక్కిలి శ్రద్ధతో గమనింపదగినది. మే నెలలో హైదరాబాదు వెలుపలి ఉష్ణోగ్రతయే 40 దాటును; రేకుల కప్పు క్రింది నిల్వగది మాట చెప్పనక్కరలేదు. అట్టి గదిలో బి-72తో అతికిన పెద్ద బాన అతుకులు మెల్లగా జారును; ఆనకయున్న భుజము తన బరువునకే వంగి, కొన్ని వేసవులలో క్రిందికి దిగును. అతుకు విడిపోయెనని కోపించి ఎపాక్సీ జిగురుతో అంటించుట అంతకంటె పెద్ద కీడు, ఏలయన అది కుండకంటె బలమైనది. తరువాతి దెబ్బకు అతుకు నిలిచి కుండ క్రొత్తచోట పగులును. ఉష్ణదేశములలో పనిచేయువారు 60 డిగ్రీల వరకు గట్టిగానుండు బి-44 అను పారాలాయిడ్‌ను బి-72తో కలిపి వాడుచున్నారు. ఐరోపా పుస్తకములోని పాళ్లను ఇచ్చట యథాతథముగా అనుసరించుట శాస్త్రమనిపించుకొనదు.

అతికించు పనిలో నేర్పు ఓర్పు సమానముగా కావలయును. అడుగునుండి మొదలిడి, ముక్కలన్నిటిని ముందు టేపుతో కూర్చి చూచి, సంఖ్యలు వేసికొని, ఏ ముక్కయు చివర లోపలికి పట్టక బయట మిగిలిపోకుండ వరుస నిర్ణయింపవలయును. అతికిన ముక్క ఇసుకపళ్లెములో నిలబడి తన బరువును తానే సరిచూచుకొనును. లోపించిన చోట నింపు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సల్ఫేటు లవణమేయగుటచే, దానికిని పాత అంచునకును నడుమ బి-72 పూత తెరగా వేయవలయును. దాని రంగు అసలుకంటె ఒక ఛాయ తక్కువగా ఉండవలయును. ఆరడుగుల దూరమున కనబడక, ఆరంగుళముల దూరమున కనబడు నింపుడు ఉత్తమమని సంరక్షకుల నానుడి. ముక్కలు సగమైనను లేని కుండను ఊహపై పూర్తిచేయుట సంగ్రహాలయపు అలంకారమునకు పనికివచ్చునేమోగాని పరిశోధకుని మోసగించును.

1976లో లక్నోలో స్థాపింపబడిన జాతీయ సంరక్షణ పరిశోధనశాలయు, దాని మైసూరు శాఖయు శిక్షణ నిచ్చుచున్నవి. మన నిల్వగదులకు ముందుగా కావలసినవి ఖరీదైన యంత్రములు కావు: రేకుకప్పు క్రింద ఉష్ణమును ఆపు అడ్డుకప్పు, తేమను రోజూ వ్రాసిపెట్టు చిన్న మీటరు, గోనెసంచులకు మారుగా మూతగల పాలిథిన్ పెట్టెలు, అందు సిలికా జెల్ పొట్లములు, ప్లైవుడ్‌కు మారు ఇనుప అలమారలు. ఒక్కొక్క తవ్వకపు సంచినుండి కొన్ని పెంకులను తీసి క్లోరైడు పరీక్ష చేయించినచో ఏ రాసి ముందుగా రక్షణ కోరుచున్నదో తెలియును. నగరమునందలి ఏ కళాశాల రసాయనశాలకైనను ఇది అసాధ్యము కాదు.

నూతనముగా తవ్వువారు ప్రతి సమాధినుండియు కొన్ని కుండలను లోపలి మంటితోసహా కడుగకుండ, బి-72 సైతము అద్దకుండ, వేరుగా భద్రపరచవలయునని నా విన్నపము. కుండగోడలో ఇంకిన క్రొవ్వు, లోపలి మంటిలోని గింజల అవశేషములు, అడుగున అంటిన మసి, ఇవన్నియు ఆ జనులు ఏమి వండుకొని తినిరో, మృతునితో ఏ ఆహారము పంపిరో తెలుపగల సాక్ష్యములు. నీరు తగిలిన నాటితో వాటిలో అధికభాగము పోవును. హష్మత్‌పేట వంటిచోట ఇంకను తెరువబడని వలయములు మిగిలియున్నవి గనుక ఈ నియమమును పాటించుటకు అవకాశము మన చేతినుండి పూర్తిగా జారిపోలేదు.